వరంగల్లు సక్సెస్ కేసులు

వరంగల్లు వెళ్ళి ఐదు రోజులుండి వచ్చానంటే చాలు, ఎదురింటివాళ్ళ దగ్గర్నుంచి మా ఆఫీసు ప్యూను దాకా అందరిదీ ఒకటే ప్రశ్న: వేయిస్తంభాల గుడి చూశావా, కోట చూశావా? చూడలేదు. బస్సు కిటికీలోంచి ఏవో రాళ్ళు కనిపించాయి గానీ, అవి కోటవో కొండవో అడిగేలోపు బస్సు మలుపు తిరిగింది. నేను చూసినవి వేరు. ముసుగేసుకున్న ఒక మిషను, ఒక సోడా బండి, కాలిపోయిన మోటార్లు ఓ డజను. గుడి గురించీ కోట గురించీ రాసినవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. వీటి గురించి రాసేవాళ్ళు లేరు కనక నేను రాస్తున్నాను.

ముందు నా ఉద్యోగం సంగతి చెప్పాలి, లేకపోతే ఈ ప్రయాణం అర్థం కాదు. మాది తెనాలి. హైదరాబాదులో ఒక ప్రభుత్వ కార్యాలయంలో లెక్కలు కట్టే విభాగంలో పనిచేస్తాను. పదో తరగతి చదివిన పిల్లల్ని ఏదో ఒక వర్క్‌షాపులో మూడేళ్ళు అప్రెంటిస్‌గా పెట్టి, నెలనెలా కాస్త భృతి ఇచ్చి, చివర పరీక్ష పెట్టి సర్టిఫికేట్ ఇచ్చే పథకం ఒకటుంది. అది ఎంత బాగా నడుస్తోందో కొలిచి రమ్మని ఎనభై రెండు ఫిబ్రవరి చివర్లో నన్ను వరంగల్లు పంపారు.

కొలబద్ద ఏమిటంటే, గులాబీరంగు ఫారం, మూడు పేజీలు. ఇంగ్లీషులో పుట్టిన ఆ ఫారాన్ని మా ఆఫీసులోనే ఎవరో మహానుభావుడు తెలుగు చేశాడు. పద్నాలుగో ప్రశ్న ఇలా ఉంటుంది: ‘శిక్షణానంతరము అభ్యర్థి వ్యక్తిత్వమునందు గమనింపబడిన వికాసము: అధికము, ఒక మోస్తరు, శూన్యము.’ వీటన్నిటికీ మించిన సూత్రం మరొకటి ఉంది. సర్టిఫికేట్ వచ్చి, మనిషి ఏదో ఒక పని చేసుకుంటూ ఉంటే సఫలం. ఏ పని అన్న గడి ఫారంలో లేదు. మధ్యలో మానేసినవాళ్ళు విఫలం. వాళ్ళని కలవనక్కర్లేదు.

బయల్దేరేముందు మా పెద్దసారు పిలిచి, “శారదగారూ, సఫలం సగానికి తగ్గితే వచ్చే ఏడాది ఆ జిల్లాకి సీట్లుండవు. కాస్త చూసుకుని కొలవండి” అన్నారు. చూసుకుని కొలవడమంటే ఏమిటో నేను అడగలేదు. పదకొండేళ్ళ సర్వీసులో కొన్ని అడగకూడదని నేర్చుకున్నాను. నా వ్యక్తిత్వమునందు గమనింపబడిన వికాసం అదే.

రైల్లో

జనగామ దాటాక ఎదురు సీట్లో ఉన్న పెద్దాయన మాట కలిపారు. వరంగల్లులో మిరపకాయల వ్యాపారమట. పక్కన ఆయన భార్య, ఒళ్ళో స్టీలు డబ్బా.

“ఏం పని మీద పోతాండ్లమ్మా?” అన్నారాయన.

“కొలతల పనండీ, గవర్నమెంటు తరఫున” అన్నాను, పొట్టిగా చెబితే పోతుంది కదా అని.

పెద్దాయన నిటారుగా కూర్చున్నారు. డబ్బా మూత వెంటనే తెరుచుకుంది. అందులో సర్వపిండి. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, పచ్చిమిర్చి కలిపి గిన్నె లోపలివైపు పలచగా అద్ది కాలుస్తారు. మా వైపు ఇంత రుచైన వస్తువు లేదని చెప్పడానికి నాకు సిగ్గేం లేదు. రెండు ముక్కలు తినేసరికి స్టేషన్ ఘన్‌పూర్ వచ్చింది. ఆ రెండు ముక్కల వ్యవధిలో ఆయన తన కాటా ఎంత నిక్కచ్చిదో, దాని మీద ముద్ర ఏ నెలలో వేయించారో, తూకంలో మోసం చేసే దుకాణాలు బజారులో ఏ వరసలో ఉన్నాయో అంతా చెప్పారు. నన్ను తూనికలు కొలతల ఇన్స్పెక్టరు అనుకున్నారని అప్పటికి గాని నాకు వెలగలేదు.

“అయ్యో, కాటాలు కాదండీ. పని నేర్చుకున్న పిల్లలు ఎంత నేర్చుకున్నారో కొలవడానికి” అన్నాను.

ఆయన వెనక్కి జారగిలబడ్డారు. డబ్బా మూత పడింది. “పని నేర్సిండా లేదా అంటే వానికి పని ఇచ్చి సూడాలె గని, కాయితం ఇచ్చి సూస్తరా?” అన్నారు నవ్వుతూ. నేనూ నవ్వేశాను, మిరపకాయలవాళ్ళకి పరిపాలన ఏం తెలుస్తుందిలే అని. ఆవిడ మాత్రం మళ్ళీ మూత తీసి, “ఆయన మాటలకేంది బిడ్డా, తిను” అని ఇంకో ముక్క చేతిలో పెట్టింది.

స్టేషన్ రోడ్డు

జిల్లా ఆఫీసువాళ్ళు నాకు తోడిచ్చిన మనిషి పేరు యాదగిరి. నలభై దాకా ఉంటాయి. చంకలో జాబితా ఉన్న అట్ట, చొక్కా జేబులో నాలుగు పెన్నులు. ఇన్నెందుకని అడిగాను.

“సంతకాలు అన్ని ఒక్కతీరు సిరతోని ఉంటే ఆడిట్ల అడుగుతరు మేడమ్” అన్నాడు నిష్కపటంగా.

జాబితాలో పదకొండు మంది పాసైనవాళ్ళున్నారు. వాళ్ళకంటే ముందు, ప్రస్తుతం శిక్షణ ఇస్తున్న చోటు ఒకటి చూడాలి. వీరేశం సేటుగారి వర్క్‌షాపు అన్నమాట. రైసు మిల్లులకి సామాన్లు అమ్ముతారు, రిపేర్లు చేస్తామని బోర్డుంది. నలుగురు అప్రెంటిస్‌లకి టర్నర్ పని, అంటే లేతు మిషను మీద ఇనుము చెక్కే పని నేర్పుతున్నట్టు కాగితాల్లో ఉంది.

లేతు మిషను ఉంది. దాని మీద ఎర్ర గుడ్డ కప్పి, గుడ్డ మీద ఎండిపోయిన బంతిపూల దండ వేసి ఉంది.

“దసరాకు పూజ చేసినం మేడమ్” అన్నారు సేటుగారు.

“తర్వాత?”

“కరెంటు సక్కగ ఉంటలేదు. మిషిన్ కాలితే ఎవరిది పూచీ? పిల్లగాండ్లు మొదాలు మర్యాద నేర్వాలె. మిషిన్ యాడికి పోతది, ఈడనే ఉంటది.”

నలుగురిలో ఒకడు సేటుగారి మనవణ్ణి బడినుంచి తేవడానికి వెళ్ళాడు. ఒకడు మిల్లుకి క్యారేజీ పట్టుకెళ్ళాడు. మూడోవాడు కరెంటాఫీసు వరసలో నిలబడ్డాడు. మాకు టీ తెచ్చినవాడు నాలుగోవాడు, మూడో సంవత్సరం టర్నర్, గడ్డం కూడా వచ్చిన పిల్లాడు.

“లేతు మీద నువ్వేం చేశావు బాబూ?” అన్నాను.

అతను సేటుగారి వైపు చూసి, నా వైపు చూసి, “తుడిసిన మేడమ్” అన్నాడు.

ఫారం నింపాను. పరికరములు అందుబాటులో ఉన్నవా? ఉన్నవి. అభ్యర్థులు క్రమశిక్షణతో మెలగుచున్నారా? మెలగుచున్నారు. ఒక్క అబద్ధం రాయలేదు. ఆ ఫారంలో గొప్పతనమే అది. ఎంత నిజం రాసినా దానికేమీ కాదు.

మధ్యాహ్నం స్టేషను ఎదుట హోటల్లో మూడు రూపాయల భోజనం చేశాం. పచ్చిపులుసు వడ్డించారు. మేము పులుసంటే గంటసేపు మరగబెడతాం. ఇక్కడ చింతపండు నీళ్ళలో పచ్చి ఉల్లిపాయలేసి అలాగే పోసేస్తారు. మొదటి ముద్దకి మొహం చిట్లించాను, రెండోసారి అడిగి పోయించుకున్నాను. హోటలు యజమాని, రిక్షావాడు, ఆఫీసు అటెండరు, ఎవరెదురైనా ముందు “తిన్నరా?” అనే అడిగారు. మా తెనాలిలో ముందు “ఏ ఊరు, ఎవరి తాలూకు?” అంటారు. ఇక్కడి ప్రశ్నే నాకు నచ్చింది. జవాబు సులభం.

పరకాల

రెండో రోజు, మూడో రోజు సక్సెస్ కేసుల వేట. ఆ మాట యాదగిరిదే. “ఇయ్యాల నాలుగు సక్సెస్ కేసులు కొడ్దాం మేడమ్” అంటాడు పొద్దున్నే. టర్నర్ పాసైన ఒకాయన బ్యాంకులో అటెండరు. ఫిట్టర్ పాసైన ఇంకొకాయన అత్తగారింట ఇల్లరికం, వాళ్ళ పొలం చూసుకుంటున్నాడు. మరొకాయన బస్సు కండక్టరు. మేమెక్కిన బస్సులోనే దొరికాడు. టిక్కెట్లు కొడుతూనే పద్నాలుగు ప్రశ్నలకీ జవాబులిచ్చాడు. అన్నీ సఫలమే.

పరకాలలో రాజయ్యది గోళీసోడా బండి. టర్నర్ సర్టిఫికేట్ ఉంది. స్వయం ఉపాధి అని రాసుకుంటుంటే అడిగాను, “ఆ మూడేళ్ళూ నీకేమైనా పనికొచ్చాయా రాజయ్యా?”

“ఎందుకు రాలే మేడమ్? సేటు ఇంట్ల మూడేండ్లు నీళ్ళు మోసిన. చేతులు, రెట్టలు గట్టివడ్డయ్. సోడ కొట్టుడు మాత్రం మా మామ నేర్పిండు.”

“మరి సంతోషంగా ఉన్నావా, లేదా? ఇక్కడొక గడి ఉంది.”

బండి వెనక గ్లాసులు కడుగుతున్న అతని భార్య పకపకా నవ్వింది. “సంతోషమని రాయుండ్రి మేడమ్. గడి ఉత్తగ ఎందుకు పోవాలె!”

రాజయ్య మర్యాదకి నాకొక సోడా కొట్టి ఇవ్వబోయాడు. గోళీ లోపలికి దిగకుండా పక్కకి జారింది. నిమ్మసోడా అంతా చిమ్మి నా ఒళ్ళో ఉన్న ఫారం మీద పడింది. పద్నాలుగో ప్రశ్నలో వ్యక్తిత్వము, వికాసము కలిసి ఒక నీలం మరకైపోయాయి. యాదగిరి దాన్ని ఎండలో ఆరబెట్టి, “ఒక మోస్తరు అని ఏద్దాం మేడమ్” అన్నాడు.

నర్సంపేట

జాబితాలో చివరి పేరు సమ్మయ్య, మోటార్ వైండింగ్, నర్సంపేట. నాలుగో రోజు వెళ్ళాం.

ఈ పని గురించి రెండు మాటలు చెప్పాలి. మా వైపు కాలవలు. తూము ఎత్తితే నీళ్ళు వాటంతటవే పొలంలోకి నడిచొస్తాయి. ఇక్కడ బావిలోంచి మోటారు లాగాలి. యాసంగి, అంటే మా దాళ్వా, వరి పొట్టకొచ్చే వేళకి కరెంటు ఒకసారి సన్నగా, ఒకసారి బుసకొడుతూ వస్తుంది. మోటారు లోపలి రాగితీగ మాడిపోతుంది. మాడిన తీగంతా ఊడదీసి, లెక్క తప్పకుండా కొత్త తీగ చుట్టి, వార్నిష్ పోసి కాల్చి ఇవ్వాలి. రెండు రోజులు ఆలస్యమైతే మడి ఎండుతుంది.

బస్టాండు వెనక రేకుల షెడ్డు. ముందు రెండు ఎడ్లబండ్లు, వాటి మీద మోటార్లు. లోపల నేల మీద ఓ డజను. మధ్యలో పీట మీద ఒక అమ్మాయి, పాతికేళ్ళుంటాయేమో, మోటారు పొట్టలోకి చేతులు పెట్టి తీగ చుడుతోంది. పక్కనే ఆమె వయసువాడే ఒకతను తీగ అందిస్తున్నాడు.

“సమ్మయ్య ఎవరు?” అన్నాడు యాదగిరి.

“నేనే సార్” అన్నాడు తీగ అందిస్తున్నతను.

“దుకాణం నీదేనా?” అన్నాను.

“కాదు మేడమ్, కరుణక్కది. నేను ఈడ పని నేర్సుకుంటాన.”

నా చేతిలో కాగితం చూసుకున్నాను. సమ్మయ్య, మోటార్ వైండింగ్, ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణుడు. “నువ్వు నేర్చుకున్నట్టే కదా ఉంది ఇందులో?”

“అండ్ల ఉన్నది మేడమ్” అన్నాడు సమ్మయ్య నవ్వుతూ. “హనుమకొండల మేమిద్దరం ఒక్క దుకాణంలనే అప్రెంటిస్. ఓనరు మా మేనమామ. నన్ను గల్లాకాడ కూసోబెట్టిండు. అక్కేమో ముసలి మేస్త్రి కాడ కూసున్నది. ఆయనకు కండ్లు కనవడకపోయేది. సుట్లు లెక్కవెట్టేతందుకు ఓ మనిషి కావాలె. అక్క లెక్కవెట్టుకుంట మొత్తం నేర్సింది. నేను పాస్. అక్క ఫెయిల్.”

“ఫెయిల్ గాదు. పరీక్షకే కూసోనియ్యలే” అంది కరుణ తలెత్తకుండా.

నేను ఆమెనే అడగడం మొదలుపెట్టాను. ఆమె జవాబులు రెండు రకాలుగా వచ్చేవి. “మీ నాన్నగారి పేరు?” అంటే “ముప్పై ఒకటి, ముప్పై రెండు, ముప్పై మూడు” అనేది. చుట్టు పూర్తయ్యాక, “శాంతయ్య. మా ఊరి చర్చిల గంట కొడ్తడు, తక్కిన దినాలు కూలి” అనేది. “ఎందుకు మానేశావు?” “పన్నెండు, పదమూడు...” కాసేపటికి, “మానెయ్యలే మేడమ్. నాయినకు కడుపుల పుండయితే నలభై దినాలు దవాఖానల ఉన్న. హాజరు తక్కువైందన్నరు.”

అలా ముక్కలుముక్కలుగా చెప్పింది. నాలుగేళ్ళుగా ఈ షెడ్డు నడుపుతోంది. వదిననీ, పక్కింటామెనీ కూడా కూర్చోబెట్టి నేర్పుతోంది. వార్నిష్ కాల్చడానికి పొయ్యి లేదు. పాత డ్రమ్ములో పెద్ద బల్బులు రెండు వెలిగించి, మోటారుని అందులో పెట్టి మూతేస్తుంది. మొత్తం కాలిన మోటారైతే అలా ఒకటిన్నర రోజు ఆరాలి. సరైన పొయ్యి ఉంటే ఒక పూట. అప్పు కోసం బ్యాంకుకెళితే సర్టిఫికేట్ అడిగారు.

ఇంతలో ఎడ్లబండి రైతు లోపలికొచ్చాడు. “బిడ్డా, నాది ఎప్పటికయితది? మడి నెర్రెలువడ్తాంది.”

కరుణ లేచి బండి దగ్గరికెళ్ళి, మోటారు మూత విప్పి, వంగి వాసన చూసింది. వేలు పెట్టి తడిమింది. “మొత్తం కాలలే తాతా. ఒక్క దిక్కే కాలింది. రేపు పొద్దుగాల రా.”

“రేపు అయితదా?”

“రేపు రా అన్ననా, లేదా?”

ముసలాయన మారు మాట్లాడకుండా మోటారు దింపించి బండి తోలుకుపోయాడు. పదకొండేళ్ళలో నేను చెప్పిన తేదీని అలా నమ్మినవాళ్ళు ఒక్కరూ లేరు.

నేను ఫారం చూసుకున్నాను. సమ్మయ్య: సర్టిఫికేట్ ఉంది, పని ఉంది, పైగా నేర్చిన విద్యలోనే ఉంది. పదకొండు మందిలోకెల్లా మేలిమి సక్సెస్ కేసు. కరుణకి ఫారమే లేదు.

“మరి నువ్వు మా ఆఫీసుకి రాయలేకపోయావా అమ్మా, పరీక్ష రాయనివ్వమని?” అన్నాను. చాలా ఉదారంగానే అన్నాను.

“రాసిన. జవాబు గూడ వచ్చింది.” ఒక రేకు డబ్బాలోంచి మడత పెట్టిన కాగితం తీసి ఇచ్చింది. ‘తమరి అర్జీని సానుభూతితో పరిశీలించడమైనది. నిబంధనలలో అవకాశము లేనందున అంగీకరించుటకు వీలు లేదని తెలియజేయుటకు చింతిస్తున్నాము.’

కింద సంతకం మా పెద్దసారుది. పైన ఉన్న అక్షరాలు నావి. ఆ వారం టైపిస్టు సెలవులో ఉన్నాడు, ఉత్తరాలన్నీ నేనే చేత్తో రాశాను. పాత ఉత్తరం ఒకటి పక్కన పెట్టుకుని, పేరు మార్చి, చూసి ఎత్తి రాశాను. ఈ అమ్మాయి అర్జీని సానుభూతితో పరిశీలించడానికి నాకెంతసేపు పట్టిందో కూడా గుర్తుంది. టీ వచ్చేలోపు పట్టింది.

చెప్పకుండా ఊరుకోవచ్చు. యాదగిరికి తెలియదు, ఆమెకీ తెలియదు. కాని ఆమె చేతులు ఆపి నా మొహంలోకి చూస్తోంది.

“ఈ ఉత్తరం నేనే రాశాను కరుణా” అన్నాను.

సమ్మయ్య తీగ చుట్ట కింద పెట్టాడు. ఆమె కాగితం నా చేతిలోంచి తీసుకుని మళ్ళీ ఒకసారి చదివింది, మొదటిసారి చూస్తున్నట్టు.

“దస్తూరి మంచిగున్నది మేడమ్” అంది. తర్వాత అడిగింది, “రూల్స్ సదివే రాసిండ్రా?”

“లేదు.”

“మరి అవకాశం లేదని ఎట్ల ఎరుకైంది?”

ఆమె తిరిగి పీట మీద కూర్చుంది. “ఒకటి, రెండు, మూడు...”

పోయేటప్పుడు ఆమె వదిన మక్కజొన్న గడకలో, అంటే రవ్వతో కాచిన జావలో, మజ్జిగ పోసి తెచ్చింది. మీ ఇంటి గడప తొక్కినవాళ్ళని తినకుండా పంపరా మీరు అని అడగాలనిపించింది. అడగలేదు, తిన్నాను.

హనుమకొండ

ఆ సాయంత్రమే జిల్లా ఆఫీసు బీరువాలోంచి నిబంధనల పుస్తకం తీయించాను. తాళం దొరకడానికి అరగంట, దుమ్ము దులపడానికి పావుగంట పట్టాయి. నిబంధన దొరకడానికి ఐదు నిమిషాలే. శిక్షణ పూర్తి చేయనివాళ్ళయినా సరే, అదే వృత్తిలో మూడేళ్ళు పనిచేసినట్టు యజమాని ధ్రువపత్రం ఇస్తే పరీక్షకి నేరుగా కూర్చోవచ్చు. నల్లటి అక్షరాల్లో ఉంది.

“యజమాని ఎవరు మేడమ్ ఆ పిల్లకు? తనే యజమాని. తన సంతకం తనకు చెల్లది” అన్నాడు యాదగిరి.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఎవరి దగ్గరో జీతానికి తీగ చుట్టి ఉంటే పరీక్షకి పనికొచ్చేది. సొంతంగా దుకాణం పెట్టుకుని ఇంకొకరికి నేర్పుతున్నందుకు పనికిరాదు. కోపమంతా యాదగిరి మీద చూపించాను. ఇవేం సక్సెస్ కేసులు, ఇదేం కొలవడం, ఉన్నదున్నట్టు రాసేస్తాను, లేతు మీది దండతో సహా రాస్తాను అన్నాను.

అతను జేబులోని పెన్నులు సర్దుకున్నాడు. తర్వాత, “నేను గూడ సక్సెస్ కేసే మేడమ్” అన్నాడు. “ఫిట్టర్. మూడేండ్లు. ఇగో, ఈ ఆఫీసుల పెన్నులు మోస్తాన. మీరు రాయుండ్రి, నేను వద్దంటలేను. గని సీట్లు పోతయ్. పదిమందిల తొమ్మిదిమంది నీళ్ళు మోసినా, ఒక్కరు కరుణ తీరు నేర్సుకుంటాండ్లు. సీట్లే లేకుంటే ఆ ఒక్కరు గూడ ముసలి మేస్త్రి పక్కకు ఎట్ల పోవాలె?”

ఇతన్ని నాలుగు రోజులుగా నేను దొంగ లెక్కల మనిషిగానే చూస్తూ వచ్చాను.

అప్పుడు అతనే నెమ్మదిగా అన్నాడు, “సమ్మయ్యకు సర్టిఫికేట్ ఉన్నది గదా. దుకాణం సమ్మయ్యదని రాస్తే? కరుణ వాని కింద పనిచేసినట్టు?”

మళ్ళీ నర్సంపేట

ఐదో రోజు రైలు మధ్యాహ్నం. పొద్దున్నే మొదటి బస్సుకి మళ్ళీ వెళ్ళాం. విషయం విన్న కరుణ తీగ తెంపేసింది.

“నా దుకాణం. నా మేకులు, నా రేకులు. నేర్పింది నేను. నేను వాని కింద పనిచేసిన్నని రాయాల్నా?”

“కాయితం మీదనే అక్కా” అన్నాడు సమ్మయ్య. అతనికి నిజంగానే సిగ్గుగా ఉంది, చెమటలు తుడుచుకుంటున్నాడు.

“కాయితం మీదనే గదరా నేను ఫెయిలయ్యింది!”

అంతలోనే నిన్నటి రైతు వచ్చాడు, మోటారు సిద్ధంగా ఉంది. బండిలోకి ఎత్తించి, దుమ్ము తుడిచి, స్టార్టర్ ఎలా నొక్కాలో మళ్ళీ ఒకసారి చెప్పి పంపింది. వెనక్కొచ్చి చేతులు గుడ్డకి తుడుచుకుంది. ఆ ఖాళీ డ్రమ్ము వైపు, అందులో బల్బుల వైపు చూసింది.

“తేండ్రి” అంది.

సమ్మయ్య యజమాని అని రాసి సంతకం చేశాడు. ధ్రువపత్రం మాటలు నేనే రాశాను. ఆ ఐదు రోజుల్లో నేను నా చేతులారా రాసిన అబద్ధం అదొక్కటే. సమ్మయ్య సంతకం ఎండకముందే కరుణ ఇంకో తెల్లకాగితం అతని ముందు పెట్టింది. “ఇండ్ల రాయి. దుకాణం కరుణది, నేను జీతగాన్ని అని. నెల, తారీఖు ఏసి రాయి.” అతను రాశాడు. యాదగిరి సాక్షి సంతకం చేశాడు. దానికి నల్ల పెన్ను తీశాడు.

తిరిగొచ్చాక

పదకొండు ఫారాలతో పాటు రెండు పేజీల నివేదిక జతచేసి ఇచ్చాను. ముసుగేసుకున్న లేతు, సోడా బండి, తీగ అందిస్తున్న ప్రథమ శ్రేణి, పరీక్షకి నోచుకోని గురువు, అన్నీ రాశాను. పెద్దసారు మొదట ఫారాలు తిరగేశారు. పదకొండుకి పదకొండు సఫలం. ఆయన మొహం విప్పారింది. తర్వాత నా రెండు పేజీలూ చదివి, గుండుసూది తీసి, నా చేతికే ఇచ్చారు.

“వ్యాసం బాగుందండీ. ఏదైనా పత్రికకి పంపండి.”

వరంగల్లుకి సీట్లు పెరిగాయి. కొత్తవాటిలో రెండు వీరేశం సేటుగారికి వచ్చాయి.

కరుణ అర్జీ మాత్రం ఈసారి నేనే బల్ల బల్లకీ తిప్పాను, నిబంధన ఉన్న పేజీలో కాగితం ముక్క పెట్టి మరీ. పరీక్షకి కూర్చోబెట్టారు. సంగతులు యాదగిరి కార్డు రాశాడు. ప్రాక్టికల్‌లో ఇచ్చిన మోటారు అందరికంటే ముందు చుట్టేసి, ఖాళీగా కూర్చోలేక, పరీక్షాధికారి నెత్తి మీద ఆగిపోయి ఉన్న ఫ్యాను కూడా దించి బాగుచేసిందట. పాసైంది.

సర్టిఫికేట్ అందాక కరుణ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. పేజీలో సగమే రాసింది. ‘మేడమ్, కాయితం వచ్చింది. అండ్ల నా పేరు కరుణాకర్ అని వడ్డది. ఆడపిల్ల వైండింగ్ చేస్తదా అని మీ ఆఫీసుల ఎవలో దిద్దినట్టున్నరు. అయినా బ్యాంకాయన ముద్ర సూసిండు గని పేరు సదువలే, అప్పు మంజూరైంది. పొయ్యికి ఆర్డర్ ఇచ్చినం. పేరు సక్కగ చెయ్యమని మీ ఆఫీసుకు అర్జీ పెట్టాల్నా, చెప్పుండ్రి.’

ఆ రోజే జవాబు రాశాను. ‘వద్దమ్మా. పొయ్యి వచ్చేదాకా మా ఆఫీసుకి ఏ అర్జీ పెట్టకు.’